మేత వేసే చెయ్యి

బీరకాయలు చెక్కు తీసినప్పుడల్లా ఒక పెద్ద పొట్టు ముక్క పక్కన పెడతాను. దాన్ని వేణ్ణీళ్ళలో ఒక పొంగు రానిచ్చి, చల్లారేక దారం కట్టి, హాల్లో ఉన్న అక్వేరియంలోకి వదులుతాను. దీపాలు పెట్టే వేళకి వదిలితే తెల్లారేసరికి ఆ పొట్టు కనబడదు. దానినిండా నత్తలే ఉంటాయి. పెద్దవి మినపగింజంత, చిన్నవి ఆవగింజంత. దారం పట్టుకుని మెల్లిగా పైకి లాగి, బాల్చీలోకి దులిపి, పక్కింటివాళ్ళ బాతులకి పోసొచ్చి, చేతులు సబ్బుతో కడుక్కుని కాఫీకి నీళ్ళు పెడతాను. మా అత్తయ్యగారు సూర్యకాంతం గారు తన గది గుమ్మంలో కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తూ, "శుభ్రంగా పచ్చడి చేసుకునే బీరపొట్టు పురుగుల పాలు చేస్తోంది," అంటారు. నాతో కాదు, ఎదురుగా ఉన్న గోడతో.

మా ఇల్లు కొత్తపేటలో కాలవకి దగ్గర. వెనకాల కొబ్బరితోట. వానలు మొదలయ్యేయంటే స్నానాలగదిలో జెర్రులు, గోడల మీద కప్పలు, పంచదార డబ్బాలో చీమలు, అటక మీద ఎలుకలు. ఇంట్లోకి రాకూడనిది ఏదొచ్చినా దాన్ని బయటికి పంపే పని నాది. ఎవరూ అప్పగించలేదు. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి చీపురుకట్టతో జెర్రిని పాత డబ్బాలోకి తోసి బయట పారేసేను, అంతే, అప్పట్నించీ అది నా పనైపోయింది. మామూలుగా నన్ను 'ఏమే' అని ఆయన, 'అమ్మాయ్' అని అత్తయ్యగారు పిలుస్తారు. జెర్రి కనబడితే మాత్రం ఇద్దరూ 'జ్యోతిర్మయీ' అని పూర్తి పేరుతో పిలుస్తారు. మా ఆయన గోపీకృష్ణ గారు రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరు. రోజంతా ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి చెరువుల్లో దిగి తిరిగే మనిషి. ఇంట్లో జెర్రి కనబడితే రెండు కాళ్ళూ సోఫా మీదకి తీసేసుకుని, చూడవే దాన్ని, అంటారు.

అక్వేరియం మా అమ్మాయి కోసం కొన్నది. అది రాజమండ్రి హాస్టల్‌కి వెళ్ళిపోయేక చేపలు ఆయనవైపోయేయి. పొద్దున్నే పళ్ళు తోముకుని నేరుగా ట్యాంకు దగ్గరికెళ్ళి, గాజు మీద వేలితో కొట్టి, "ఏం నాన్నా, ఆకలేస్తోందా," అంటారు. ఆ గొంతు నేనెరగను. అంత మెత్తగా ఆయన మాట్లాడగలరని ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలీదు. అన్నం ముందు కూర్చున్నప్పుడు నువ్వు తిన్నావా అని అడగని మనిషి, నారింజరంగు చేపని ఆకలేస్తోందా అని అడుగుతుంటే, వంటింట్లో నిలబడి దోసె తిరగెయ్యడం మర్చిపోయి చూస్తూండిపోయేదాన్ని. చేప మీద కుళ్ళుకోవడమేంటని ఎవరైనా నవ్వుతారు. కుళ్ళుకున్నాను. ఆయన ఊళ్ళో లేనప్పుడు రెండుమూడుసార్లు కావాలనే ట్యాంకులో లైటు వెయ్యలేదు. చీకట్లో ఉండనీ అనుకున్నాను. మళ్ళీ నేనే వెళ్ళి వేసేను.

ఆ తర్వాత మమత పేరొచ్చింది. ఈయన చెరువుల నీళ్ళు, రొయ్యల శాంపిళ్ళు పరీక్షకి తీసుకెళ్ళే ల్యాబ్ అమలాపురంలో ఉంది. అక్కడ కొత్తగా చేరిందావిడ. ఒకరోజు ఈయన ప్లాస్టిక్ కవర్లో నీళ్ళమొక్కలు పట్టుకొచ్చి, చెప్పులు విప్పుతూనే, "మమత గారిచ్చేరే. వాళ్ళ ల్యాబ్‌లో కూడా ట్యాంకుంది. ఎంత బాగా పెంచుతున్నారనుకున్నావ్," అన్నారు. ఆ మొక్కలు ట్యాంకులో పాతింది నేనే. మొక్కలతో పాటు ఆకుల కింద అంటుకుని నత్తలొచ్చేయి. వాటితో పాటు ఆ పేరు కూడా మా ఇంట్లో పెరిగింది. భోజనాల దగ్గర మమత గారు. స్కూటరు తుడుస్తుంటే మమత గారు. చెప్పకూడని విషయమైతే చెప్పకుండా ఉండేవారు కదా, ఇంత బాహాటంగా చెప్తున్నారంటే ఏమీ లేదనేగా అని ఒక పూట సర్దుకునేదాన్ని. ఏమీ లేకపోతే ఇన్నిసార్లెందుకు చెప్తున్నారని ఇంకో పూట. సాయంత్రం ఫోనొస్తే వరండాలోకెళ్ళి మాట్లాడేవారు. అప్పుడు కూడా ఆ చేపల గొంతే. నేను కిటికీ ఊచలు తుడుస్తూ, తుడిచిన ఊచనే మళ్ళీ తుడుస్తూ వినేదాన్ని. గొంతు తెలిసేది, మాటలు సగం అందేవి కావు. 'ఔనండీ, నీళ్ళలో అదేనండీ రహస్యం' అంటూ నవ్వేవారు. ఫోన్లో ఆవిడ బొమ్మ ఎలా ఉంటుందోనని ఒకసారి తీసి చూస్తే, మొహం లేదు, నీళ్ళలో ఆకు ఫొటో పెట్టుకుంది. మొహం ఉన్నా బాగుండేది. లేకపోయేసరికి నేనే రోజుకొక మొహం తయారుచేసుకోవలసొచ్చింది. సన్నటి మనిషి, పొడుగాటి వేళ్ళు, ఇస్త్రీ నలగని చీర. బియ్యం ఏరుతున్నా, బట్టలారేస్తున్నా ఆ మనిషి నా పక్కనే నిలబడి నా చేతుల్ని చూస్తున్నట్టుండేది.

నత్తలు మాత్రం పెరిగిపోయేయి. గాజంతా నత్తలు, గులకరాళ్ళ మధ్య నత్తలు. "మందు వేసి చంపేద్దాం," అని ఆయన ఏదో సీసా తెచ్చేరు. సీసా మీద చదివి, వద్దండి, ఒక్కసారి అన్ని నత్తలూ చచ్చి కుళ్ళితే ఆ నీళ్ళలో చేపలు కూడా బతకవు అన్నాను. నేను బీఎస్సీలో జువాలజీ చదివేను, అమలాపురం కాలేజీలో. నా రికార్డు పుస్తకంలో బొమ్మలు మా మేడం మిగతా అమ్మాయిలకి చూపించేవారు. పెళ్ళి శుభలేఖలో నా పేరు పక్కన బీఎస్సీ అని వేయించేరు. నా చదువు ఎవరికైనా పనికిరావడం అదే ఆఖరు. ఆ చదువులో ఏం మిగిలిందో నాకే తెలీదు కానీ, కూరలు తరుగుతూ ఆ నత్తల్ని చూస్తుండేదాన్ని. ఈయన పొద్దునోసారి, సాయంత్రమోసారి, ముద్దొస్తే మధ్యలో ఇంకోసారి గుప్పెడు మేత చల్లుతారు. చేపలు తిన్నది కొంత, అడుక్కి పోయింది ఎంతో. ఆయన వారం పదిరోజులు ఊరెళ్తే నత్తలు తగ్గేవి. వచ్చి వారం తిరిగేసరికి మళ్ళీ నిండిపోయేవి. నీళ్ళు పాడైతే అన్నీ గాజు మీదకి పాకి నీటి అంచుకి చేరేవి. గుడ్లు మాత్రం ఎక్కడ పెడుతున్నాయా అని ఎంతో వెతికేను. ఆకుల కింద కొన్నే. ఎక్కువగా ఫిల్టరు పైపు వెనకాల, గంజి చుక్క ఆరినట్టు అంటుకుని ఉన్నాయి.

ఇవన్నీ ఆయనకి చెప్పేదాన్ని. ఇంకెవరికి చెప్తాను? టిఫిన్ పెడుతూ, "తప్పు నత్తలది కాదండి. మేత వేసే చెయ్యిది," అన్నానొక రోజు. ఆయన ఫోన్లోంచి తలెత్తి, "పొద్దున్న లేస్తే నేను చేసేది ఆ మేత పనే. ఇంట్లో కూర్చుని నాకు పాఠం చెప్తున్నావా," అన్నారు. అత్తయ్యగారు అందుకుని, "వాడు ముచ్చటపడి తెచ్చుకున్న చేపల నోటి దగ్గర కూడు కూడా తగ్గించమంటోంది," అన్నారు.  బీరపొట్టు వేస్తూ, గుడ్లు గోకుతూ, మేత డబ్బా వంటింట్లో నా అలమారలోకి మార్చేసేను. నెల్లాళ్ళకి గాజు తేటపడింది. నత్తలు పూర్తిగా పోలేదు, పోవు కూడా, కానీ లెక్కలోకొచ్చేయి.

అప్పుడు ఒక శుక్రవారం ఆయన, "ఆదివారం మమత గారు భోజనానికొస్తున్నారే. మన ట్యాంకు చూస్తారట. పనసపొట్టు కూర, రొయ్యల వేపుడు చెయ్యి," అన్నారు. మన ట్యాంకు అన్నారు. మన అంటే ఆయనా, నేనా? ఆయనా, ఆవిడా? రెండ్రోజులు ఆ మాటే నమిలేను.

ఆదివారం పొద్దున్నే పాత టూత్‌బ్రష్‌తో ట్యాంకు గాజు లోపలంతా రుద్దేను. రుద్దుతూ రుద్దుతూ ఉంటే కళ్ళలో నీళ్ళు తిరిగేయి. నా మొగుడు ఇంకొకావిడకి అందంగా కనబడ్డానికి నేను గాజు తుడుస్తున్నాను. మంచి చీర కట్టుకుని, అద్దంలో చూసుకుని, ఆవిడ కోసం కట్టుకున్నట్టుందని విప్పేసి రోజూ కట్టుకునే చీరే కట్టుకున్నాను. మళ్ళీ, పనిమనిషిననుకుంటుందేమోనని జాకెట్టు మార్చుకున్నాను.

ఆవిడ స్కూటీ మీదొచ్చింది. తలకి కట్టుకున్న చున్నీ విప్పి, హెల్మెట్ చంకలో పెట్టుకుని లోపలికొచ్చింది. నేను తయారుచేసుకున్న మొహాల్లో ఒక్కటి కూడా కాదు. కాస్త బొద్దుగా, ఎండకి కమిలిన బుగ్గలు, ఏదో రంగుమందు అంటుకుని పచ్చబడ్డ గోళ్ళు. అందగత్తె కాదని చూడగానే తెలిసింది. తెలిసినా నాకేమీ తేలిక పడలేదు. ఎవరూ కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చుని, "కాసేపు కాళ్ళు జాపుకుంటానండీ, వారమంతా నిలబడే ఉన్నాను," అంది అత్తయ్యగారితో. మా ఇంట్లో నేనెప్పుడూ ఆ మాట అనలేదు. అనొచ్చని కూడా తెలీదు. 

భోజనాలు వడ్డించేను. ఆయన, ఆవిడ, అత్తయ్యగారు కూర్చున్నారు. నేను నిలబడ్డాను. పనసపొట్టు రెండోసారి వేయించుకుంటూ మమత, "సార్, మీరు చెప్పినట్టే మా ల్యాబ్ ట్యాంకులో చేసేమండీ. మేత తగ్గించి, సాయంత్రం ఉడికిన బీరపొట్టు వేసేం. నత్తలు సగానికి సగం పోయేయి," అంది. తర్వాత నా వైపు తిరిగి, చాలా గౌరవంగా, "సార్ ఒక మాటన్నారండీ. నత్తలు పెరిగితే తప్పు నత్తలది కాదు, మేత వేసే చెయ్యిదని. మా ల్యాబ్ మేడంకి చెప్తే, ఎవరో గాని బాగా చూసిన మనిషమ్మా అన్నారు," అంది.

 ఆయన తల వంచుకుని రొయ్యలు ఏరుకుంటున్నారు. ఇన్నాళ్ళూ వరండాలో ఆ మెత్తటి గొంతుతో ఈయన చెప్పినవి, ఆవిడ అటువైపు ముచ్చటపడి విన్నవి, కిటికీ ఊచ పట్టుకుని నేను ఏడ్చినవి, అవన్నీ నా మాటలు. ఆవిడకి ఈయన మీద ఇష్టమే ఉంటే, ఆ ఇష్టం కూడా నేను గిన్నెలు తోముతూ కనిపెట్టినవాటి మీదే. కోపం రావాలి. ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత భయమేసింది, నావి ఇంకేవేవి ఇలా బయట తిరుగుతున్నాయోనని.

"గుడ్లు ఎక్కడ పెడతాయో ఎలా పట్టుకున్నారు సార్? మాకు దొరకట్లేదు," అంది మమత.

"అదేనండీ... ఆకుల దగ్గర... చూస్తూ ఉంటే తెలుస్తుందండీ," అన్నారాయన. నా వైపు ఒక్క క్షణం చూసి, "ఏమే, మంచినీళ్ళు పట్రా," అన్నారు.

నేను కదల్లేదు. నీళ్ళ చెంబు ఆయన ముందే ఉంది.

అత్తయ్యగారు పెరుగు కలుపుకుంటూ, "వాడికేం తెలుసమ్మా. వాడు ఆ నీళ్ళలో చెయ్యి పెట్టడం నేను చూళ్ళేదు. రోజూ ఆ పాచినీళ్ళలో చేతులు పెట్టేది ఈవిడే. ఆ చేతులతోనే బియ్యం కడుగుతుందేమోనని నాకు అనుమానం. అడిగితే సబ్బుతో కడుక్కున్నానంటుంది," అన్నారు. అత్తయ్యగారు నా పక్షాన మాట్లాడలేదు. నా మీద ఎప్పట్నించో ఉన్న ఫిర్యాదు, వినే మనిషి దొరికిందని చెప్పుకున్నారు.

మమత తినడం ఆపి నా మొహంలోకి చూసింది. "మీరా అండీ?"

"ఫిల్టరు పైపు వెనకాల పెడతాయండీ," అన్నాను. "గంజి చుక్కలా ఉంటాయి. బ్లేడుతో గోకితే వచ్చేస్తాయి."

"ఖాళీగానే ఉంటుంది కదండీ, తను కూడా సాయం చేస్తూ ఉంటుంది," అన్నారాయన నవ్వుతూ.

భోజనమయ్యేక మమత నాతో ట్యాంకు దగ్గరకొచ్చింది. ఆయన ఫోనొచ్చిందని వరండాలోకెళ్ళేరు, నిజంగా వచ్చిందో లేదో. నేను పైపు కాస్త జరిపి చూపించేను. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు గాజుకి ఆనించి చాలాసేపు చూసింది. అడగాలనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది, మీ ల్యాబ్‌లో ఏం చేస్తారండీ అన్నాను.

"ఏముందండీ. పొద్దున్నే రైతులు సీసాల్తో క్యూ కట్టేస్తారు. నీళ్ళు పరీక్ష చెయ్యడం, రొయ్య మొప్పలు తీసి మైక్రోస్కోప్ కింద పెట్టడం. ఒక్కోసారి భోజనం కూడా నిలబడే. సాయంత్రానికి కాళ్ళు వాచిపోతాయి. ఇంటికెళ్ళి బక్కెట్లో వేణ్ణీళ్ళు పోసుకుని కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాను, ఎవరు పిలిచినా లేవను." నవ్వింది. తన కష్టం చెప్పుకుంటోంది పాపం. నాకు ఆవిడ కాళ్ళనొప్పి మీద కూడా అసూయ కలిగింది. నా కాళ్ళూ వాస్తాయి. వాటికి వాచే కారణం ఉందని ఎవరూ ఒప్పుకోరు. మైక్రోస్కోప్ మీద వంగినప్పుడు ఆవిణ్ణి 'ఏమే' అని పిలిచేవాళ్ళుండరు. ఇన్నాళ్ళూ ఆవిడ పక్కన నా మొగుణ్ణి నిలబెట్టి చూసుకుని కుమిలిపోయేను. ఇప్పుడు ఆయన్ని అక్కణ్ణించి తీసేసి చూసినా అసూయ ఇసుమంతైనా తగ్గలేదు. ఇంకా పెరిగింది.

"ఇంకో మనిషి అవసరముందా అండీ అక్కడ?" అన్నాను.

"ఎప్పట్నించో ఉందండీ. జువాలజీ చదివినవాళ్ళెవరైనా ఉంటే చెప్పమని సార్‌కి కూడా ఎన్నోసార్లు చెప్పేను."

"నేను బీఎస్సీ జువాలజీనండీ."

మమత లేచి నిలబడింది. "సార్ ఎప్పుడూ అనలేదే," అంది. అనేసి, అనకూడదేమోనన్నట్టు వరండా వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "రేపు రండి. మా మేడం పొద్దున్నే ఉంటారు. పని నేర్పడానికి నేనున్నాను. గుడ్లు వెతికినవాళ్ళకి ఇది పెద్ద కష్టం కాదు," అంది. వెళ్ళేటప్పుడు అత్తయ్యగారి కాళ్ళకి దణ్ణం పెట్టి, నా చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి, హెల్మెట్ పెట్టుకుని స్కూటీ తీసింది. సందు చివర మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఇష్టపడ్డానో కుళ్ళుకున్నానో తెలీలేదు. రెండూ ఒకచోటే ఉన్నాయి.

ఎండ వాలేక గిన్నెలు తోమి హాల్లోకొచ్చేను. ఆయన సోఫాలో కూర్చునున్నారు.

"నేను చదివేనని ఆవిడకెందుకు చెప్పలేదండి? మనిషి కావాలని ఎన్నోసార్లు అడిగిందిట."

ఆయన నిజంగానే ఆలోచించేరు. "నువ్వు గుర్తు రాలేదే," అన్నారు.

నేను దాచేరనుకున్నాను. దాచితే బాగుండును, నేనున్నానని తెలిసినట్టే కదా. అబద్ధమాడలేదాయన. ఆ కళ్ళలో ఎక్కడా దొంగతనం లేదు. జువాలజీ చదివినవాళ్ళెవరైనా అని ఆవిడ అడిగినప్పుడు ఈయన ఊరంతా వెతుక్కున్నారు. తనకి రోజూ టిఫిన్ పెట్టే మనిషి దాకా రాలేదు. నా మాటలు మాత్రం అవసరమైనప్పుడల్లా గుర్తొచ్చేయి, అవి ఎవరివో తప్ప.

నా చూపు ఆయనకి వేరేగా అర్థమైంది. మెల్లిగా ఆయన మొహంలోకి నవ్వొచ్చింది. "ఆవిడొచ్చిన దగ్గర్నించీ చూస్తున్నాను, మొహం అలా పెట్టుకునున్నావ్. మమత మీద అసూయేగా నీకు," అన్నారు. కోపంగా కాదు, ఇష్టంగా అడిగేరు. తన కోసం ఇంట్లో ఒకావిడ కుమిలిపోతోందని తెలిస్తే మనిషికెంత బాగుంటుందో ఆయన మొహంలో కనబడింది. ఇన్ని నెలలూ అది బయటపడకూడదని పళ్ళ బిగువున దాచుకున్నాను. ఇప్పుడు దాచుకోవలసినదేమీ లేదు.

"రేపు పొద్దున్న బస్సుకి అమలాపురం వెళ్తున్నానండి. వాళ్ళ ల్యాబ్‌లో మేడంతో మాట్లాడాలి," అన్నాను. "ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లో పెడతాను. అత్తయ్యగారికి మీరు వేసి పెట్టండి."

ఆయన నవ్వు సగంలో ఆగింది. "ఉద్యోగానికా? ఆవిణ్ణి చూసి కుళ్ళుకునా?"

"ఆయ్, కుళ్ళుకునేనండి," అన్నాను. "ఆవిడకున్నవాటన్నిటి మీదా నాకు అసూయే. మీ ఫోన్ల మీద తప్ప."